బండికి భోజన విరామం ఎప్పుడు?

మీ ఊళ్ళో చిన్న ప్రింటింగు ప్రెస్సు ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. ఒక పక్క అచ్చు యంత్రం తిరుగుతూ ఉంటుంది. మరో పక్క అచ్చయిన కాగితాలను మడిచి, కుట్టి, అట్ట అంటించే బైండరు కూర్చుని ఉంటాడు. ఏ పుస్తకమైనా ముందు అచ్చు కావాలి, తరువాతే బైండింగుకు వెళ్ళాలి. ఈ వరుస తారుమారు చెయ్యడానికి వీల్లేదు.

ఒకనాటి ఉదయం ఆ ప్రెస్సుకు మూడు పనులు వచ్చాయనుకుందాం.

నోటు పుస్తకాలు: అచ్చుకు 10 నిమిషాలు, బైండింగుకు 40 నిమిషాలు.
కథల పుస్తకాలు: అచ్చుకు 30 నిమిషాలు, బైండింగుకు 60 నిమిషాలు.
పెళ్ళి శుభలేఖలు: అచ్చుకు 50 నిమిషాలు, మడతకు 20 నిమిషాలు.

వీటిలో ఏది ముందు మొదలుపెట్టాలి? "మూడూ ఎలాగూ చెయ్యాల్సినవే కదా, ఏది ముందైతే ఏం?" అని మీరనవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేసి చూద్దాం.

ముందు శుభలేఖలు, తరువాత కథల పుస్తకాలు, చివర నోటు పుస్తకాలు చేద్దాం. శుభలేఖల అచ్చు 50వ నిమిషానికి అవుతుంది. అంతదాకా బైండరుకు పని లేదు. 50 నుంచి 70 వరకు మడత పెడతాడు. కథల పుస్తకాల అచ్చు 80కి గాని కాదు. కనుక మళ్ళీ పది నిమిషాలు ఖాళీ. 80 నుంచి 140 వరకు వాటిని, 140 నుంచి 180 వరకు నోటు పుస్తకాలను కుడతాడు. అంటే మొత్తం 180 నిమిషాలు.

ఇప్పుడు వరుస తిప్పి చూడండి. ముందు నోటు పుస్తకాలు, తరువాత కథల పుస్తకాలు, చివర శుభలేఖలు. బైండరు 10వ నిమిషానికే పనిలోకి దిగుతాడు. 50 దాకా నోటు పుస్తకాలు, 110 దాకా కథల పుస్తకాలు, 130 దాకా శుభలేఖలు. మొత్తం 130 నిమిషాలు! యంత్రం అదే, మనిషి అతడే. ఎవరూ ఒక్క క్షణం కూడా తొందరపడలేదు. అయినా 50 నిమిషాలు మిగిలాయి. మిగిల్చింది వరుస ఒక్కటే.

జాన్సన్ చెప్పిన సూత్రం

ఇలా రెండు దశల్లో జరిగే పనులకు అన్నిటికన్న మంచి వరుసను కనుక్కునే సులువైన సూత్రం ఒకటి ఉంది. దాన్ని 1954లో అమెరికాకు చెందిన ఎస్. ఎమ్. జాన్సన్ అనే గణితజ్ఞుడు ప్రచురించాడు.

పట్టికలో ఉన్న అంకెలన్నిటిలోకీ చిన్నదాన్ని వెతకండి. అది మొదటి దశకు చెందినదైతే ఆ పనిని వరుసలో మొట్టమొదట పెట్టండి. రెండో దశకు చెందినదైతే చిట్టచివర పెట్టండి. ఆ పనిని పట్టికలోంచి కొట్టేసి, మిగిలినవాటితో మళ్ళీ ఇదే చెయ్యండి. మన పట్టికలో అన్నిటికన్న చిన్న అంకె 10. అది నోటు పుస్తకాల అచ్చు, కనుక అవి మొదట. తరువాతి చిన్న అంకె 20. అది శుభలేఖల మడత, కనుక అవి చివర. మిగిలిన కథల పుస్తకాలు మధ్యలో.

ఇందులోని కిటుకు తెలిసిందా? మొదట్లో బైండరు ఖాళీగా ఉంటాడు. అతణ్ణి త్వరగా పనిలో దింపాలంటే అచ్చు త్వరగా అయ్యే పని ముందుండాలి. చివర్లో అచ్చు యంత్రం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ తగ్గాలంటే బైండింగు త్వరగా అయ్యే పని చివరుండాలి. అంతే!

మధ్యలో దూరం వస్తే

చిన్న ప్రెస్సులో అచ్చు యంత్రం నుంచి బైండరు దగ్గరికి కాగితాలు చేర్చడం ఎంత పని? నాలుగడుగులు వేస్తే చాలు. కాని పెద్ద కర్మాగారంలో ఒక యంత్రానికీ మరో యంత్రానికీ మధ్య వందల అడుగుల దూరం ఉండవచ్చు. మొయ్యవలసిన సరుకు టన్నుల్లో ఉండవచ్చు. ఇప్పుడు మన లెక్కలోకి ఒక కొత్త పాత్ర ప్రవేశించాలి. అదే డ్రైవరు లేకుండా తనంతట తాను తిరిగే విద్యుత్ బండి.

ఈ బండ్లు నిన్నగాక మొన్న పుట్టినవి కావు. 1950ల మొదట్లోనే అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ వీటిని తయారుచేసింది. డ్రైవరు లేని బండికి దారి ఎలా తెలుస్తుంది? మీ భౌతికశాస్త్ర పాఠంలోనే దీనికి జవాబు ఉంది. కర్మాగారం నేలలో సన్నని గాడి చేసి, అందులో ఒక తీగ పరిచి, పైన పూడ్చేస్తారు. తీగలో ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తుంటే దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. బండి అడుగున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి తీగచుట్టలు ఉంటాయి. మారే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్నాడు కదా! బండి సరిగ్గా తీగ మీదుగా పోతుంటే రెండు చుట్టల్లోనూ సమానంగా విద్యుత్తు పుడుతుంది. బండి కుడివైపుకు జరిగితే ఎడమ చుట్ట తీగకు దగ్గరై, అందులో ఎక్కువ పుడుతుంది. ఆ తేడాను బట్టి మోటారు చక్రాలను ఎడమకు తిప్పుతుంది. తేడా సున్నా కాగానే బండి మళ్ళీ తిన్నగా సాగిపోతుంది.

తరువాతి కాలంలో వేరే పద్ధతులు వచ్చాయి. లేజరు కిరణాలను చుట్టూ తిప్పి, గోడల మీది అద్దాల నుంచి అవి తిరిగి వచ్చే తీరును బట్టి తానెక్కడున్నదో తెలుసుకునే బండ్లు వచ్చాయి. నేల మీద అతికించిన చదరపు గుర్తులను కెమెరాతో చదువుకుంటూ పోయే బండ్లూ వచ్చాయి.

ఇలాంటి బండ్లను ఎంతో పేరు వచ్చేలా వాడిన కర్మాగారం స్వీడన్ దేశంలోని కల్మార్ పట్టణంలో ఉండేది. వోల్వో సంస్థ దాన్ని 1974లో ప్రారంభించింది. అంతకు ముందు కార్ల కర్మాగారాలన్నీ 1913లో హెన్రీ ఫోర్డు ప్రవేశపెట్టిన పద్ధతిలో నడిచేవి. గొలుసు మీద కారు కదిలిపోతూ ఉంటుంది, ఆ వేగానికి తగ్గట్టు మనిషి చేతులాడించాలి. రోజంతా ఒకే మర బిగించే ఆ పని మీద విసుగెత్తి స్వీడన్‌లో కార్మికులు పని మానేసి వెళ్ళిపోయేవారు. కల్మార్‌లో గొలుసు తీసేశారు. ఒక్కొక్క కారును ఒక్కొక్క బ్యాటరీ బండి మీద ఎక్కించారు. 15 నుంచి 20 మంది ఒక జట్టుగా ఉండి కారులోని ఒక పెద్ద భాగం పనంతా తామే చూసుకునేవారు. జట్టుకూ జట్టుకూ మధ్య కొన్ని బండ్లు ఆగడానికి చోటు ఉండేది. అందువల్ల ఒక జట్టు కాసేపు నెమ్మదించినా తరువాతి జట్టు పని ఆగేది కాదు. కారు అడుగున పని చెయ్యాలంటే మనిషి వెల్లకిలా పడుకోనక్కరలేదు. బండే కారును పక్కకు ఒరగేసి పట్టుకునేది. ఆ కర్మాగారం 1994లో మూతపడింది. కాని బండి తిరిగే పద్ధతి మారితే మనిషి పనిచేసే పద్ధతి కూడా మారుతుందని అది చూపించింది.

బండికి ఆకలి వేస్తే

గొలుసుకు లేని చిక్కు ఈ బండికి ఒకటుంది. దీనికి ఆకలి వేస్తుంది! బ్యాటరీ అయిపోతే బండి ఆగిపోతుంది.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో లెక్క కట్టవచ్చు. ఒక బండిలో 24 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉందనుకోండి. రెంటినీ గుణిస్తే 2400 వాట్-గంటలు. అంటే మన ఇంటి మీటరు లెక్కలో 2.4 యూనిట్లు. బండి సగటున 300 వాట్లు వాడుతుంటే 8 గంటలు నడవాలి. కాని చివరి బొట్టు దాకా వాడకూడదు. ఛార్జింగు చోటికి చేరడానికైనా కొంత మిగలాలి కదా! ఐదో వంతు అట్టిపెడితే మిగిలేది 1920 వాట్-గంటలు. అది 6 గంటల 24 నిమిషాలకే సరిపోతుంది.

మరి బండికి ఎప్పుడు ఛార్జి పెట్టాలి? మన ప్రెస్సు దగ్గరికే మళ్ళీ వెళదాం. దాన్ని పెద్ద కర్మాగారం చేద్దాం. అచ్చు యంత్రం ఈ చివర, బైండింగు యంత్రం ఆ చివర. మధ్యలో ఒకే ఒక బండి. సరుకుతో వెళ్ళడానికి 5 నిమిషాలు, ఖాళీగా తిరిగి రావడానికి 5 నిమిషాలు. ఛార్జింగు పెట్టె అచ్చు యంత్రం పక్కనే ఉంది. పూర్తి ఛార్జికి 40 నిమిషాలు పడుతుంది, దానితో బండి నాలుగు ట్రిప్పులు వేస్తుంది. కనుక ప్రతి 10 నిమిషాల ఛార్జికి ఒక ట్రిప్పు. ఉదయం పని మొదలయ్యేసరికి బ్యాటరీలో ఒక్క ట్రిప్పుకు సరిపడా మాత్రమే ఉంది. పనుల వరుస జాన్సన్ చెప్పినదే.

మొదటి పథకం, జాగ్రత్తపరుడిది. "ముందు బండికి కడుపునిండా పెట్టి, తరువాతే పని" అంటాడు ఇతను. బండి 30వ నిమిషం దాకా ఛార్జింగులోనే ఉంటుంది. 10వ నిమిషానికే అచ్చయిన నోటు పుస్తకాలు అప్పటిదాకా పడి ఉంటాయి. అవి 35కి బైండింగు యంత్రాన్ని చేరతాయి, 75కి పూర్తవుతాయి. కథల పుస్తకాలు 135కి, శుభలేఖలు 155కి పూర్తవుతాయి. మొత్తం 155 నిమిషాలు.

రెండో పథకం, చూసీచూడనివాడిది. "అయిపోయినప్పుడు చూద్దాం, అయిపోయాక మాత్రం నిండుగా పెడదాం" అంటాడు ఇతను. నోటు పుస్తకాలు 15కి చేరి, 55కి పూర్తవుతాయి. బండి 20కి తిరిగి వచ్చి, 60 దాకా ఛార్జింగులో ఉంటుంది. 40కే సిద్ధమైన కథల పుస్తకాలు 65కి గాని చేరవు. ఈలోగా బైండింగు యంత్రం పది నిమిషాలు ఊరికే నిలబడుతుంది. కథల పుస్తకాలు 125కి, శుభలేఖలు 145కి అవుతాయి. మొత్తం 145 నిమిషాలు.

మూడో పథకం, వరుస చూసుకున్నవాడిది. బండి 20కి తిరిగి వస్తుంది. తరువాతి సరుకు 40కి సిద్ధమవుతుందని పట్టికలో ముందే ఉంది. కనుక 20 నుంచి 40 దాకా, ఆ ఇరవై నిమిషాలు మాత్రమే ఛార్జి పెడతారు. రెండు ట్రిప్పులకు చాలు. 40కి కథల పుస్తకాలు తీసుకుని బండి బయలుదేరి 45కి చేరుస్తుంది. 50కి తిరిగి వచ్చి మళ్ళీ ఛార్జింగుకు నిలబడుతుంది. 80కల్లా బ్యాటరీ నిండిపోతుంది. శుభలేఖలు 90కి సిద్ధమయ్యేసరికి బండి తయారుగా ఉంటుంది. బైండింగు యంత్రం 15 నుంచి మొదలుపెట్టి మధ్యలో ఒక్క నిమిషం కూడా ఆగదు. మొత్తం 135 నిమిషాలు.

155, 145, 135! మూడు పథకాల్లోనూ బండి ఒకటే, బ్యాటరీ ఒకటే, పనుల వరుస కూడా ఒకటే. మూడో పథకంలో రెండోదానికన్న ఎక్కువ సేపే ఛార్జి పెట్టారని గమనించారా? అయినా ఆలస్యం కాలేదు. ఎందుకంటే బండికి ఎలాగూ పని లేని సమయంలో ఆ ఛార్జి పెట్టారు. ఛార్జింగు అనేది పనికి అడ్డం వచ్చే ఆటంకం కాదు. అదీ ఒక పనే. అచ్చు, బైండింగు లాగే దానికీ పట్టికలో ఒక గడి కేటాయించాలి. ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఈ ఒక్క మాటే.

అన్ని బ్యాటరీల స్వభావం ఒకటి కాదు

అయితే మూడో పథకం అన్ని బ్యాటరీలకూ నప్పదు. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం బ్యాటరీనే తీసుకోండి. అది పనిచేసేటప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేసినప్పుడు అది కరిగిపోతుంది. కాని ఎప్పుడూ సగం సగం ఛార్జి చేస్తుంటే కొంత లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి, పలకలను అంటుకుని ఉండిపోతుంది. బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది. అందుకే కర్మాగారాల్లో ఈ బ్యాటరీలకు ఒక వాడుక ఉంది: ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు ఛార్జి, ఎనిమిది గంటలు చల్లారడం. మూడు షిఫ్టులూ నడిచే చోట ఒక్కొక్క బండికి అదనపు బ్యాటరీలు ఉంచుకుని, షిఫ్టు మారినప్పుడల్లా మార్చేవారు. అప్పుడు పట్టికలో రాయవలసింది ఛార్జింగు సమయం కాదు, బ్యాటరీ మార్పిడి సమయం.

1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీలను అమ్మకానికి తెచ్చింది. వీటి అభివృద్ధికి కారకులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వీటికి కొంచెం కొంచెంగా ఛార్జి పెట్టినా నష్టం లేదు. పైగా ఇవి ఖాళీగా ఉన్నప్పుడు వేగంగా నిండి, నిండబోయే ముందు నెమ్మదిస్తాయి. ఇంట్లో సెల్‌ఫోను చివరి భాగం నిండడానికి ఎక్కువసేపు తీసుకోవడం మీరు చూసే ఉంటారు. కనుక కడుపునిండా ఒకసారి భోంచేయడం కంటే, ఖాళీ దొరికినప్పుడల్లా నాలుగు ముద్దలు తినడమే ఈ బండికి కలిసొస్తుంది. ఇప్పటి కర్మాగారాల్లో బండి సరుకు ఎక్కించుకోవడానికి ఆగే చోటనే ఛార్జింగు ఏర్పాటు చెయ్యడం అందుకే.

బండ్లు ఎదురుపడితే?

ఇంతవరకు ఒకే బండి. ఇరవై బండ్లు ఉంటే? ఇరుకు దారిలో రెండు బండ్లు ఎదురుపడితే ఏది వెనక్కు తగ్గాలి? ఒక బండి బ్యాటరీ అయిపోయి దారి మధ్యలో నిలబడితే వెనక వచ్చేవన్నీ ఆగిపోతాయి. సరుకు అందక యంత్రాలు ఆగుతాయి. ఒక్క బ్యాటరీ కర్మాగారాన్నంతా ఆపేస్తుందన్నమాట.

దీనికి పరిష్కారం రైల్వేల నుంచి వచ్చింది. ఒకే పట్టా ఉన్న మార్గంలో స్టేషను మాస్టరు టోకెన్ ఇస్తేనే డ్రైవరు రైలు కదిపేవాడు. రెండు స్టేషన్ల మధ్య ఒక్క టోకెన్, ఒక్క రైలు. కర్మాగారం నేలను కూడా అలాగే భాగాలుగా విభజిస్తారు. ఒక భాగంలో ఒక బండి ఉండగా మరొకదాన్ని కంప్యూటరు అందులోకి రానివ్వదు. అయినా నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు ఆటోలు ఒకదానికొకటి అడ్డంగా నిలబడినట్లు, ప్రతి బండీ ఎదుటి బండి కదలాలని ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అలాంటి చిక్కుముడి పడకుండా దారులు ముందే నిర్ణయించాలి.

కంప్యూటరుకూ కష్టమైన లెక్క

"కంప్యూటరు ఉంది కదా! అన్ని వరుసలూ వేసి చూసి, మంచిది ఎంచుకోదా?" అని మీకు తోచవచ్చు. మూడు పనులకు ఆరు వరుసలే. పది పనులకు 36,28,800 వరుసలు. ఇంతవరకు కంప్యూటరుకు సులువే. కాని పది పనులు, పది యంత్రాలు ఉండి, ప్రతి యంత్రం మీదా పనుల వరుస వేరుగా ఉండవచ్చంటే ఆ సంఖ్యను పదిసార్లు గుణించాలి. జవాబు దాదాపు 4 పక్కన 65 సున్నాలు!

సరిగ్గా ఇలాంటి లెక్క ఒకటి 1963లో ఒక పుస్తకంలో అచ్చయింది. పది పనులు, పది యంత్రాలు, అంతే. మొత్తం పని 930 కాలప్రమాణాల్లో పూర్తవుతుందని, అంతకంటే తక్కువలో సాధ్యం కాదని రుజువు చేసిన ఫ్రెంచి గణితజ్ఞులు కార్లియే, పిన్సన్‌ల వ్యాసం 1989లో వెలువడింది. పదిమంది పిల్లలకు పది ఆటవస్తువులు పంచినంత చిన్నగా కనిపించే లెక్కకు ఇరవయ్యారేళ్ళు! అందులో బండ్లూ లేవు, బ్యాటరీలూ లేవు. అవి కూడా చేరితే చిక్కు ఇంకా పెరుగుతుంది.

అందుకే కర్మాగారాల్లో అన్నిటికన్న మంచి పట్టిక కోసం ఎదురుచూడరు. తగినంత మంచి పట్టికను త్వరగా తయారుచేస్తారు. ఏదైనా యంత్రం చెడిపోతే, బండి ఆలస్యమైతే వెంటనే దాన్ని సవరిస్తారు. "దగ్గరున్న బండిని పంపు", "బ్యాటరీ మూడో వంతుకు తగ్గితే, తరువాతి పనికి వ్యవధి ఉంటే ఛార్జింగుకు పంపు" వంటి చిన్న చిన్న సూత్రాలు పెట్టుకుంటారు. కంప్యూటరు ఆ సూత్రాలతో ఒక పట్టిక వేసి, అందులో రెండు పనులను అటూ ఇటూ మార్చి, మెరుగైతే ఉంచి, కాకపోతే వదిలేస్తూ పోతుంది.

మీరే వేసి చూడండి

గళ్ళ కాగితం ఒకటి తీసుకోండి. ఒక్కొక్క గడి ఐదు నిమిషాలు. అచ్చు యంత్రానికి ఒక వరుస, బండికి ఒక వరుస, బైండింగు యంత్రానికి ఒక వరుస కేటాయించండి. పని జరిగే గళ్ళలో రంగు వెయ్యండి. ఇలాంటి పటాలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ఇంజనీరు హెన్రీ గాంట్ పేరుతోనే వీటిని గాంట్ పటాలు అంటారు. రంగు లేని గళ్ళే మీకు కావలసిన ఖాళీలు. బండి వరుసలోని ఖాళీల్లో ఛార్జింగును ఎక్కడ ఇరికించవచ్చో ఇట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు నాలుగో పని చేర్చండి: గోడ పత్రికలు. అచ్చుకు 25 నిమిషాలు, అంచులు కత్తిరించడానికి బైండింగు యంత్రం మీద 15 నిమిషాలు. జాన్సన్ సూత్రంతో వరుస పెట్టండి. బండి, బ్యాటరీ పాత షరతులతోనే నడవాలి. మీకు 150 నిమిషాలు వస్తే సరిగ్గా చేశారన్నమాట. ఎక్కువ వస్తే మీ పటంలో బైండింగు యంత్రం వరుసను చూడండి. మధ్యలో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉండి ఉంటుంది. ఆ సమయంలో బండి ఏం చేస్తోందో పై వరుసలో చూస్తే తప్పు దొరుకుతుంది.

ఇంట్లో కూడా ఈ లెక్క పనికొస్తుంది. రేపు ఉదయం బడికి బయలుదేరే ముందు చెయ్యాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. నీళ్ళు కాగేలోపు ఏ పని అవుతుందో చూడండి. గంట ముందు లేవక్కరలేదని మీకే తెలుస్తుంది.